ఆదివారం కారు: పైకప్పు లేని బండిని బెంగళూరులో పోషించడం ఎలా

నేలకు బాగా దగ్గరగా ఉండే ఇలాంటి కారు చూడటానికి వెళ్లే ముందు మీ పార్కింగ్ నుంచి పెద్ద రోడ్డు దాకా ఎన్ని స్పీడు బ్రేకర్లు ఉన్నాయో లెక్కపెట్టండి. రామమూర్తి నగర్‌లో మా అపార్ట్‌మెంట్ నుంచి పాత మద్రాసు రోడ్డుకు చేరేలోపు పదకొండు ఉన్నాయి. రోడ్ల ప్రమాణాలు రాసే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలతల ప్రకారం గుండ్రటి స్పీడు బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పున మెల్లగా లేచి, 10 సెంటీమీటర్ల ఎత్తుకు చేరి, మెల్లగా దిగాలి. మా వీధిలోవి మాత్రం ఇల్లు కట్టగా మిగిలిన కాంక్రీటుతో ఎవరి గుమ్మం ముందు వాళ్లు పోసుకున్నవి. కాబట్టి ఒక చెక్కపట్టీ సంపాదించండి. మీరు కొనాలనుకునే కారు ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య ఎంత దూరమో పట్టీ అంత పొడవుండాలి. రెండు చివర్ల కిందా ఇటుక ముక్కలు పేర్చి, కారు పొట్ట నేలకు ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తులో పట్టీని నిలబెట్టండి. స్పీడు బ్రేకరు సరిగ్గా దాని మధ్యన ఉండాలి. పట్టీకి తగిలిందంటే కారుకూ తగులుతుంది.

నేనూ మా వాచ్‌మనూ ఒక రాత్రి ఈ పనిలో ఉంటే ఎదురింటి పెద్దాయన బాల్కనీలోకి వచ్చి, "డాక్టరమ్మా, రోడ్డు కాంట్రాక్టు ఎప్పుడు తీసుకున్నారు?" అని అడిగారు. పదకొండింటిలో రెండు తగిలాయి. మా బేస్‌మెంట్ ర్యాంపు పైఅంచు మూడోది. ఆ మూడింటినీ ఏటవాలుగా, ఒక్కో చక్రమే ఎక్కేలా దాటుతాను. అయిదారు తగిలి ఉంటే కొనేదాన్ని కాదు.

నేను పళ్ల డాక్టరును. వారానికి ఆరు రోజులు ఏసీ గదిలో, తెల్లటి దీపం కింద, ఎవరెవరి నోళ్లలోకో తొంగి చూస్తూ గడుపుతాను. ఏడో రోజు కోసం కొన్నది శాన్ స్టార్మ్. చాలామందికి ఆ పేరు కూడా గుర్తుండదు. తొంభైల చివర్లో వచ్చిన, గోవాలో తయారైన రెండు సీట్ల బుల్లి కారు అది. ఒళ్లంతా ఫైబర్‌గ్లాస్, ముందు రెనో వారి 1149 సీసీ పెట్రోలు ఇంజిను. బలం 60 హార్స్‌పవర్ దరిదాపు. కాగితం మీద చూస్తే మా ఆయన నడిపే మామూలు కారు దీన్ని సునాయాసంగా దాటేస్తుంది. కానీ నేలకు జానెడు ఎత్తున కూర్చుని, చెవి పక్కన గాలి హోరెత్తుతుంటే, గంటకు అరవై కిలోమీటర్లు వందలా అనిపిస్తాయి. ఈ రకం కార్ల సుఖమంతా అక్కడే ఉంది. వేగం తక్కువైనా వేగంగా ఉన్నట్టు అనిపించాలి.

ఈ ఆలోచన ఇంగ్లండులో పుట్టింది. లోటస్ కంపెనీ పెట్టిన ఇంజినీరు కోలిన్ చాప్‌మన్ 1957లో తెచ్చిన లోటస్ సెవెన్‌ను 1973లో కేటర్‌హామ్ కంపెనీ తీసుకుని నేటికీ తయారు చేస్తోంది. వారి సెవెన్ 170 రకంలో తేలికైనది 440 కిలోలే. అందులో ఉన్నది సుజుకి వారి 660 సీసీ ఇంజిను, అంటే మన వీధుల్లో తిరిగే చిన్న కార్లకు చుట్టం. 1989లో వచ్చిన మాజ్దా ఎంఎక్స్-5 ప్రపంచమంతా అమ్ముడైంది కానీ ఆ కంపెనీ మన దేశంలో తన కార్లను ఎప్పుడూ అమ్మలేదు. వాటిని దిగుమతి చేసుకోగలిగినవారికి నా సలహాలతో పనిలేదు. మిగిలినవాళ్లకు పాత కార్లే గతి.

పాత కార్ల బేరంలో ఒక మోసం కాచుకుని ఉంటుంది. మామూలు హ్యాచ్‌బ్యాక్ పైకప్పు కోసేసి, ఎర్ర రంగు పూసి, ఓపెన్ కారని అమ్ముతుంటారు. తగ్గింపు ధరకు వచ్చినా వద్దు. మామూలు కారుకు పైకప్పు కూడా ఎముకే. దాన్ని కోస్తే బండి నడుము వదులై, గతుకుల్లో తలుపులు బిగుసుకుంటాయి లేదా వాటంతట అవే తెరుచుకుంటాయి. చట్టం సంగతి సరే సరి. కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చడం మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్‌కు విరుద్ధమని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది.

ఇక పరీక్ష. పొద్దున్నే వెళ్లండి. మీరు వెళ్లేసరికే అమ్మేవాళ్లు ఇంజిను వేడి చేసి ఉంచితే, మర్యాదగా టీ తాగి మరో రోజు వస్తామని చెప్పండి. చల్లటి ఇంజిను మొదటి అరనిమిషంలో చెప్పే నిజాలు వేడెక్కాక చెప్పదు.

ఫైబర్‌గ్లాస్ తుప్పు పట్టదు. దాని కింద ఉన్న ఇనుప చాసీ, అంటే బండి అస్థిపంజరం, పడుతుంది. పైన నున్నగా మెరిసే ఒళ్లు లోపలి రోగాన్ని దాచేస్తుంది, పంటికి తొడిగిన కిరీటంలాగా. నేను క్లినిక్ నుంచి నోటి అద్దం, చిన్న టార్చి తీసుకెళ్లాను. ఒళ్లు చాసీకి బోల్టులతో బిగించిన చోట్లన్నిటి వెనకకూ అద్దం దూర్చి చూడండి. గోధుమరంగు పొడి రాలితే పైతుప్పు, పొరలు పొరలుగా లేస్తే లోతుకు పోయినట్టు. తర్వాత ఒంటి మీద బీటలు. తలుపు కీళ్ల దగ్గర, దీపాల చుట్టూ సాలెగూడులాంటి సన్నటి గీతలు ఉంటాయి. వాటిలో చాలావరకు పైపూత బీటలే. తెలుసుకోవడం సులువు: అద్దం వెనక పిడితో మెల్లగా తట్టుకుంటూ పోవాలి. గట్టి చోట 'టక్' మని ఖణీమంటుంది, పొర ఊడిన చోట 'డబ్' మని మొద్దుగా వినబడుతుంది. పంటిని తట్టి చూసినట్టే. నా కారు ఎడమ వెనక చక్రం పైన అరచేయి వెడల్పున మొద్దు చోటు దొరికింది. బేరంలో అది పదిహేను వేలు తగ్గించింది. మామూలు డెంటింగు షాపులు ఫైబర్ పని చేయలేవు. పీణ్యా పారిశ్రామికవాడలో ఫైబర్ ట్యాంకులు, తలుపులు పోసేవాళ్లు చేయగలరు.

అన్నిటికంటే ముఖ్యమైన చూపు చీకట్లో చూడాలి. దీపాలు వేయించి, బ్రేకు నొక్కమని ఒకరికి చెప్పి, వెనక నిలబడి ఇండికేటరు వేయించండి. నా కారులో కుడి ఇండికేటరు వెలిగి ఆరుతుంటే, పక్కనున్న బ్రేకు దీపం కూడా దానితో పాటు కన్ను గీటింది. పాత యజమాని పాపం రెండుసార్లు స్విచ్చి మార్పించారట. శివాజీనగర్‌లో మా మెకానిక్ భాయ్ చూసి నవ్వాడు. ఇనుప కారులో కరెంటు తిరిగి వెళ్లడానికి కారు ఒళ్లే దారి. ఫైబర్‌గ్లాస్‌లో కరెంటు పారదు కాబట్టి ప్రతి దీపానికీ చాసీ దాకా విడిగా ఎర్త్ వైరు ఉండాలి. అది తుప్పు పట్టిందంటే కరెంటు పక్క దీపం గుండా దొంగదారి వెతుక్కుంటుంది. భాయ్ రెండడుగుల రాగి వైరు కోసి, రెండు చివర్లకూ రింగులు నొక్కి, చాసీ మీద రూపాయి బిళ్లంత చోట ఇనుము తెల్లగా మెరిసేదాకా ఉప్పుకాగితంతో రుద్ది, బోల్టు బిగించి, పైన వేలితో వ్యాజిలీన్ రాశాడు. దీపం కన్ను గీటడం మానేసింది. అప్పటి నుంచి హారన్ మోగకపోయినా, పెట్రోలు ముల్లు పిచ్చిగా ఊగినా ముందు ఎర్త్ చూస్తాను. పదింట తొమ్మిదిసార్లు అదే.

కాగితాల గురించి క్లుప్తంగా. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆ తర్వాత తనిఖీ చేయించి అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. 20 ఏళ్లు దాటిన కార్లకు ఆ పొడిగింపు రుసుమును 2025లో 10,000 రూపాయలకు పెంచారు. పొగ సర్టిఫికెట్ ఈ వయసు బండ్లకు ఆరు నెలలకోసారి. వేరే రాష్ట్రం బండి అయితే అక్కడి ఆర్టీఓ నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చుకుని, పన్నెండు నెలల్లోపు కర్ణాటక నంబరు తీసుకోవాలి. ఇక్కడి జీవితకాల పన్ను కూడా కట్టాలి. బేరం ఆడేటప్పుడే ఆ మొత్తం లెక్కలో వేసుకోండి. బీమాలో అయిదేళ్లు దాటిన కారు విలువ కంపెనీతో మాట్లాడుకుని తేల్చుకునేదే. ఫొటోలు, మరమ్మతు బిల్లులు పట్టుకెళ్లండి.

కొన్న వారంలోనే రబ్బరంతా మార్చేయండి. ఇంజిను లోపలి భాగాలను ఒకే లయలో తిప్పే టైమింగ్ బెల్టు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్నది అనవసరం, రబ్బరుకు వయసే శత్రువు. ఇప్పుడు బంకుల్లో దొరికే ఇ20 పెట్రోలులో అయిదో వంతు ఇథనాలే. పాత రబ్బరు గొట్టాలను అది ఉబ్బించి, మెత్తబరిచి, చివరికి కారేలా చేస్తుంది. వారమంతా కదలని బండిలో ఇది మరీ ప్రమాదం. ఇథనాలుకు తట్టుకునే గొట్టాలు అడిగి వేయించండి. ఇదే ఇంజిను యూరప్‌లో రెనో వారి క్లియో, ట్వింగో, కాంగూ కార్లలో తిరిగింది కాబట్టి లోపలి సామాన్లు తెప్పించుకోవచ్చు. మిగతావాటికి విడిభాగాల దుకాణాలుండే జె.సి. రోడ్డు. అక్కడ కారు పేరు చెప్పకండి, చెబితే "లేదు" అనేస్తారు. పాత ముక్కను గుడ్డలో చుట్టుకెళ్లి బల్ల మీద పెట్టండి. పెద్దాయన కళ్లజోడు సర్దుకుని, చేతిలో తిప్పి చూసి, లోపలి నుంచి ఏదో ఒక కారుకు చెందిన కవల ముక్కను తెస్తాడు.

టైర్లు అరగలేదని మురిసిపోకండి. పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది: 2319 అంటే 2019లో 23వ వారం. ఆదివారం బండి టైర్లు అరగకముందే గట్టిపడి పనికిరాకుండా పోతాయి.

ఇప్పుడు కప్పు సంగతి. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది కాబట్టి, జనవరి తెల్లవారుజామున 15 డిగ్రీల చలిలో ఈ కారు స్వర్గం. అయితే ఇదే ఊళ్లో మేలోనూ, సెప్టెంబరు, అక్టోబరుల్లోనూ సాయంత్రం మబ్బు ఎటు నుంచి వస్తుందో చెప్పలేం. కాన్వాసు కప్పు మడవడం ఒక విద్య. మొదట, వెనకున్న ప్లాస్టిక్ కిటికీ జిప్పు తీయండి. చలి పొద్దుల్లో ఆ ప్లాస్టిక్ బిర్రబిగిసి ఉంటుంది, అప్పుడు మడిస్తే విరుగుతుంది. పది నిమిషాలు ఎండలో మెత్తబడనివ్వండి. దాని మీద పాత నూలు పంచె పరిచి, పంచెతో సహా మడవండి. లేకపోతే ప్లాస్టిక్ మీద ప్లాస్టిక్ రాసుకుని నాలుగు నెలల్లో మసకబారుతుంది. జిప్పు పళ్లకు కొవ్వొత్తి రుద్దండి. కాన్వాసును బట్టల సబ్బుతో తోమకండి. నేను పట్టుచీరలకు వాడే కుంకుడు రసమే వాడతాను. తడి కప్పును మడిచి వదిలేస్తే వారంలో బూజు వాసన పట్టుకుంటుంది. ఆ వాసన మళ్లీ పోదు.

రెండో ఏడు ఏప్రిల్‌లో, ఆకాశం నీలంగా ఉందని కప్పును ఇంట్లోనే వదిలేసి వెళ్లాను. హొసకోటె దాటాక మామిడి జల్లు కొట్టింది. డెబ్బైలో పోతుంటే సన్నటి చినుకులు అద్దం మీదుగా తల దాటి వెళ్లిపోతాయి, తడవం. లారీ అడ్డొచ్చి వేగం తగ్గగానే మొత్తం నెత్తిన పడింది. పెట్రోలు బంకు కింద గంటన్నర నిలబడ్డాను. బంకు కుర్రాళ్లు కారులోని నీళ్లను ఆయిలు డబ్బాతో తోడారు. అడుగున నీళ్లు పోయే రంధ్రాలకు రబ్బరు బిరడాలు ఉంటాయనీ, అవి తీస్తే చాలనీ నాకు ఇంటికొచ్చాక తెలిసింది. మీరు ముందే వెతికి పెట్టుకోండి. చినుకు పడితే ఆగండి, అండర్‌పాస్‌లో మాత్రం దిగకండి. 2023 మేలో కె.ఆర్. సర్కిల్ అండర్‌పాస్‌లో ఎత్తైన మామూలు కారే మునిగి, మన కృష్ణా జిల్లా అమ్మాయి ఒకామె ప్రాణం పోయింది. మనది దానికంటే చాలా కిందుండే బండి.

బేస్‌మెంట్‌లో శత్రువులు ఎలుకలు. వారానికోసారి అరగంట నడపడం కంటే మంచి మందు నాకు దొరకలేదు. సీటు కింద ఒక్క వేరుశనగ గింజ కూడా వదలకండి. బ్యాటరీ నెగటివ్ తీగ వదులు చేసి వెళ్లండి. కవరు నూలుదై ఉండాలి, ప్లాస్టిక్ కవరు లోపల చెమట పట్టిస్తుంది. బానెట్ మీద చేయి పెట్టి, చల్లబడిందని తెలిశాకే కప్పండి.

నడిపే వేళ అయిదు నుంచి తొమ్మిది. తొమ్మిది దాటితే నెత్తిన ఎండ, ముక్కులో డీజిలు పొగ. మన ముఖం సరిగ్గా బస్సు సైలెన్సర్ ఎత్తున ఉంటుంది, బస్సు డ్రైవరుకు మనం అసలు కనబడం. లారీ పక్కన సమానంగా పోకండి. వెనకే ఉండండి, లేదా ఒక్క ఊపులో దాటేయండి. ఇసుక లారీ అయితే వెనక కూడా వద్దు. కంటికి చలవ అద్దాల కంటే క్లినిక్‌లో వాడే పారదర్శక రక్షణ అద్దాలు మేలు, తెల్లవారుజామున కూడా పనికొస్తాయి. వేలాడే బట్ట ఏదీ వద్దు. నాట్యకారిణి ఇసడోరా డంకన్ 1927లో నీస్ నగరంలో చనిపోయింది ఇలాంటి ఓపెన్ కారులోనే. మెడలోని పొడవాటి స్కార్ఫు చక్రంలో చుట్టుకుంది. మా అమ్మకు ఈ సంగతి చెప్పినప్పటి నుంచి ఆమె కొంగు రెండుచుట్లు తిప్పి బొడ్లో దోపుకుని, పైన సీటు బెల్టు పెట్టుకుంటుంది.

ఎక్కడికి వెళ్లాలంటే, నంది కొండ తప్ప ఎక్కడికైనా. ఆదివారం పొద్దున అక్కడ సూర్యుడి కంటే ముందు ట్రాఫిక్ ఉదయిస్తుంది. మాది మదనపల్లె కాబట్టి నా దారి హొసకోటె, చింతామణి మీదుగా పోతుంది. చింతామణిలో ఇడ్లీ బండి దగ్గర ఆగితే కర్ణాటకలోనే తెలుగు మొదలైపోతుంది. మదనపల్లెలో అమ్మను ఎక్కించుకుని హార్స్‌లీ హిల్స్ ఘాట్ ఎక్కుతాను. అమ్మ ఆ దొర పేరు పలకదు, ఏనుగు మల్లమ్మ కొండ అనే అంటుంది. సుమారు 1,265 మీటర్ల ఎత్తు, మలుపు మలుపుకూ గాలి వాసన మారుతుంది. మూసిన కారులో ఆ కొండ ఎన్నిసార్లు ఎక్కానో! యూకలిప్టస్ చెట్లు కనిపించాయే గాని వాసన ఒక్కసారీ తెలియలేదు. మొదటిసారి ఎక్కినప్పుడు అమ్మ అయిదు మలుపుల దాకా ఏమీ మాట్లాడలేదు. భయపడిందేమోనని ఆపబోయాను. "ఆపకే, ఇంకొంచెం తొందరగా పోనీ" అంది.

ఒక పని మాత్రం ఎవరు చెప్పినా చేయకండి: కారును బాగుచేస్తున్నామనుకుంటూ దానికి ఏవేవో తగిలించడం. మా ఆయన మొదటి పెళ్లిరోజు కానుకగా దానికి మ్యూజిక్ సిస్టమ్ పెట్టిస్తానన్నారు. దానికి పెళ్లిరోజు లేదన్నాను. పాటలు పెడితే గాలిని మించి వినబడాలి, అందుకు పెద్ద స్పీకర్లు, వాటికి పెద్ద బ్యాటరీ, ఆ బరువుకు గట్టి స్ప్రింగులు. అలా ఒక్కో కోరికా ఇంకో కోరికను ఇంటికి పిలుస్తుంది. పెద్ద చక్రాలు వేస్తే స్టీరింగు మొద్దుబారుతుంది. శబ్దం చేసే సైలెన్సర్ పెడితే ట్రాఫిక్ పోలీసులు జరిమానా రాస్తారు, రాయడం న్యాయమే. డబ్బు ఖర్చు పెట్టాలని చేయి దురద పెడితే కొత్త బ్రేకు ప్యాడ్లు, మంచి టైర్లు, రెండు కొత్త సీటు బెల్టులు కొనండి.

మదనపల్లె దారిలో ఒక ముప్పు ఉంది, టమాటా లారీలు. ట్రేలు నింపిన లారీ గతుకులో ఎగిరితే మగ్గిన కాయలు వర్షంలా పడతాయి. మూసిన కారుకు అయితే అద్దం తుడుచుకుంటే సరి. నేను ఒకసారి భుజం మీద రెండు, ఒడిలో ఒకటి మోసుకుంటూ ఇంటికెళ్లాను. అందుకే ఇంటికి రాగానే రబ్బరు మ్యాట్లు ఎత్తి, కింద తుడిచి, ఆరబెట్టాలి. నేను రెండు వారాలు బద్ధకించాను. మూడో ఆదివారం పక్క సీటు మ్యాటు ఎత్తితే నీళ్లు పోయే రంధ్రం పక్కన, మట్టి పేరుకున్న చోట, రెండాకుల టమాటా మొక్క నిలబడి ఉంది. అంటే రంధ్రం మట్టితో మూసుకుపోయిందన్నమాట. మొక్కను పీకి, టూత్‌బ్రష్‌తో రంధ్రం శుభ్రం చేసి, చెంబుతో నీళ్లు పోసి చూశాను. కింద నేల మీద సన్నటి ధార పడింది.